షెల్ ప్రాంప్ట్ గుర్తింపు: రిమోట్ ఫైల్ సాఫ్ట్‌వేర్‌లో పద్ధతులు, చిక్కులు

రిమోట్ కంప్యూటర్‌లోని ఫైళ్లను మన దగ్గర ఉన్నట్టే తెరిచి, దిద్ది, సేవ్ చేసుకునే వీలు కల్పించే సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని అవతలి వైపు ప్రత్యేక సర్వర్ ప్రోగ్రామ్ ఏదీ కోరవు. మామూలు లాగిన్ షెల్ తెరిచి, మనిషి టైప్ చేసినట్టే కమాండ్లు పంపి, తిరిగి వచ్చిన అవుట్‌పుట్‌ను చదువుకుంటాయి. ఇలా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ప్రతి కమాండ్ తర్వాతా ఒకటే ప్రశ్న: అవుట్‌పుట్ అయిపోయిందా, ఇంకా రావలసి ఉందా? షెల్ మళ్లీ ప్రాంప్ట్ చూపిందంటే అయిపోయినట్టే. వచ్చిన అక్షరాల్లో ఏది ప్రాంప్టో, ఏది మామూలు పాఠమో తేల్చే పనిని షెల్ ప్రాంప్ట్ గుర్తింపు అంటారు.

ఈ పని చూడడానికి చిన్నదే. అయితే ప్రాంప్ట్ అనేది మనిషి కంటికోసం పుట్టినది. దాని రూపానికి కట్టుబాటు లేదు, ప్రతి యూజరూ తన ఇష్టప్రకారం మార్చుకోవచ్చు. అందుకే నమ్మకంగా పనిచేసే సాఫ్ట్‌వేర్‌లన్నీ ఊహ మీద ఆధారపడే దశను వీలైనంత కుదించి, వెంటనే తమ సొంత గుర్తుకు మారిపోతాయి. గ్నూ ఈమాక్స్ ఎడిటర్‌లో భాగమైన ట్రాంప్ ఈ విషయంలో బాగా రాటుదేలిన ఉదాహరణ. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ప్రాంప్ట్ స్వరూపం

1979లో వెలువడిన యునిక్స్ ఏడో వెర్షన్‌లోని బోర్న్ షెల్ మామూలు యూజర్‌కు $ గుర్తునూ, రూట్ యూజర్‌కు # గుర్తునూ చూపేది. సీ షెల్ % గుర్తును వాడింది. ఈ మూడు గుర్తులే ఇప్పటికీ ప్రాంప్ట్‌కు ఆనవాళ్లు. పోసిక్స్ ప్రమాణం ప్రకారం ప్రధాన ప్రాంప్ట్ పీఎస్1 అనే వేరియబుల్‌లో ఉంటుంది. కమాండ్ అసంపూర్తిగా ఉన్నప్పుడు కనిపించే > గుర్తు పీఎస్2లో ఉంటుంది. సీ షెల్ కుటుంబంలో ప్రధాన ప్రాంప్ట్ వేరియబుల్ పేరే వేరు.

సాఫ్ట్‌వేర్ దృష్టిలో ప్రాంప్ట్‌కు రెండు ఇబ్బందికర లక్షణాలు ఉన్నాయి. మొదటిది, దాని చివర న్యూలైన్ ఉండదు. వరుసలవారీగా చదివే ప్రోగ్రామ్ రాని న్యూలైన్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. రెండోది, అది కమాండ్ అవుట్‌పుట్ వచ్చే దారిలోనే, దానితో కలిసి వస్తుంది. ఇక్కడితో అవుట్‌పుట్ ఆగింది, ఇక్కడినుంచి ప్రాంప్ట్ మొదలైంది అని చెప్పే సరిహద్దు టెర్మినల్ ప్రవాహంలో లేదు.

దీనితో పోలిస్తే ఎఫ్‌టీపీ ప్రోటోకాల్ ప్రతి జవాబునూ మూడంకెల కోడ్‌తో మొదలుపెడుతుంది. 1985 అక్టోబర్ నాటి ఆర్‌ఎఫ్‌సీ 959లో ఈ కోడ్‌లకు అర్థాలు నిర్దేశించి ఉన్నాయి. షెల్ ఇలాంటి హామీ ఏదీ ఇవ్వదు. ప్రోగ్రామ్‌లు తనతో మాట్లాడతాయని దాన్ని రాసినవాళ్లు అనుకోలేదు మరి.

చరిత్ర

మనుషుల కోసం రాసిన ప్రోగ్రామ్‌లను మరో ప్రోగ్రామ్‌తో నడిపించే ఆలోచనకు విస్తృత ప్రచారం తెచ్చింది ఎక్స్‌పెక్ట్. అమెరికాలోని ఎన్‌ఐఎస్‌టీ సంస్థలో డాన్ లీబ్స్ దీన్ని రాశారు. 1990లో యూస్‌నిక్స్ సమావేశంలో దీనిపై పత్రం సమర్పించారు. ఫలానా పాఠం వచ్చేవరకు ఆగు, రాగానే ఫలానాది పంపు అన్నదే దాని సూత్రం. ప్రాంప్ట్ గుర్తింపు అనే సమస్య ఈ సూత్రంలోనే ఇమిడి ఉంది.

ఈమాక్స్‌లో మొదట్లో రిమోట్ ఫైళ్ల పనిని ఆంజ్-ఎఫ్‌టీపీ చూసుకునేది. అది కమాండ్-లైన్ ఎఫ్‌టీపీ క్లయింట్‌ను వెనకనుంచి నడిపేది. ఆ క్లయింట్ ప్రాంప్ట్ ఎప్పుడూ ఒకేలా ఉండేది కాబట్టి చిక్కు తక్కువ.

1998 నవంబర్ చివర్లో కై గ్రోస్‌యోహాన్ మొదలుపెట్టిన ప్యాకేజీ ఎఫ్‌టీపీని వదిలి షెల్‌నే ఆధారం చేసుకుంది. దాని మొదటి పేరు ఆర్‌ఎస్‌ఎస్‌హెచ్, తర్వాతి పేరు ఆర్‌సీపీ, చివరికి స్థిరపడిన పేరు ట్రాంప్. 2007లో వచ్చిన ఈమాక్స్ 22.1తో అది ఈమాక్స్‌లో అంతర్భాగమైంది. చాలా ఏళ్లుగా మైకేల్ అల్బీనస్ దాన్ని నిర్వహిస్తున్నారు. మిడ్‌నైట్ కమాండర్ అనే ఫైల్ మేనేజర్ కోసం పావెల్ మాఖెక్ ఫిష్ ప్రోటోకాల్‌ను రూపొందించింది కూడా 1998 ప్రాంతంలోనే (చూడండి: ఇతర సాఫ్ట్‌వేర్‌లు).

గుర్తింపు పద్ధతులు

*నమూనా పోలిక.* వచ్చిన పాఠం చివరి భాగాన్ని ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో పోల్చడం అన్నిటికన్నా పాత పద్ధతి. ఈమాక్స్‌లో షెల్ కోసం వాడే సాధారణ నమూనా చెప్పేది ఇంతే: వరుస మొదట్లో #, $, %, > గుర్తులు కానివి ఎన్నయినా ఉండవచ్చు, తర్వాత ఆ నాలుగింటిలో ఒకటి, ఆపైన ఖాళీలు. ట్రాంప్ తన నమూనాలో ] గుర్తును చేర్చుకుంది, క్యారేజ్ రిటర్న్‌తో మొదలయ్యే వరుసలను అనుమతించింది, చివర కొన్ని ఎస్కేప్ సీక్వెన్స్‌లకు చోటిచ్చింది.

నమూనా వదులుగా ఉంటే ప్రాంప్ట్ కానిదాన్ని ప్రాంప్ట్ అనుకుంటుంది, బిగువుగా ఉంటే అసలు ప్రాంప్ట్‌నే వదిలేస్తుంది. నెట్‌వర్క్ నుంచి పాఠం ముక్కలుముక్కలుగా వస్తుండడం దీన్ని మరింత జటిలం చేస్తుంది. లాగిన్ కాగానే కనిపించే స్వాగత సందేశంలో డిస్కు వాడకం 42.1% అని ఒక వరుస ఉందనుకుందాం. ఉబుంటు సర్వర్లలో ఇలాంటి సమాచారం మామూలే. నెట్‌వర్క్ ముక్క సరిగ్గా % గుర్తు దగ్గర తెగితే ఆ క్షణాన బఫర్ చివర ఉన్నది నమూనాకు అచ్చంగా సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ తొందరపడి తర్వాతి కమాండ్ పంపేస్తుంది. అదే సర్వర్, అదే సందేశం. నిన్న పనిచేసింది, ఇవాళ చేయలేదు. ఇలాంటి లోపాన్ని పట్టుకోవడం కష్టం.

*నిశ్శబ్దం.* కొంతసేపు ఏమీ రాకపోతే కమాండ్ అయిపోయినట్టే భావించడం మరో పద్ధతి. లోకల్ నెట్‌వర్క్‌లో సరిపోవచ్చు గాని దూరపు సర్వర్లకూ, ఆలోచించి జవాబిచ్చే కమాండ్లకూ పనికిరాదు. ఒంటరిగా దీన్ని నమ్మకూడదు.

*సొంత గుర్తు.* షెల్‌లోకి ప్రవేశించిన వెంటనే ప్రాంప్ట్‌నే మార్చివేసి, మరెక్కడా కనిపించే అవకాశం లేని స్ట్రింగ్‌ను దాని స్థానంలో పెట్టడం. లేదా ప్రాంప్ట్‌ను పట్టించుకోకుండా, ప్రతి కమాండ్ వెనకా ఒక ముగింపు గుర్తును అచ్చువేయించడం. నేటి సాఫ్ట్‌వేర్‌లు ఎక్కువగా ఈ రెండింటిలో ఒకదాన్ని పాటిస్తాయి.

ట్రాంప్ పనితీరు

ట్రాంప్ కనెక్షన్ మూడు అంచెల్లో సాగుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ వంటి ప్రోగ్రామ్‌ను నడపగానే మొదటి అంచె మొదలవుతుంది. ఇక్కడ ఏం వస్తుందో ముందుగా తెలియదు. లాగిన్ పేరు అడగవచ్చు, పాస్‌వర్డ్ అడగవచ్చు, కొత్త సర్వర్ అయితే కనెక్షన్ కొనసాగించాలా అని అవును-కాదు జవాబు కోరవచ్చు, టెర్మినల్ రకం అడగవచ్చు, లేదా నేరుగా ప్రాంప్ట్ కనిపించవచ్చు. ఒక్కోదానికీ ఒక్కో నమూనా, దానికి తగిన చర్య ఒక పట్టికలో ఉంటాయి. బఫర్‌లో ఏది సరిపోతే ఆ చర్య జరుగుతుంది.

పాస్‌వర్డ్ నమూనా ఇంగ్లీషు మాటకే పరిమితం కాదు. రిమోట్ సిస్టమ్ ఏ భాషలో అడుగుతుందో తెలియదు కనుక ఈమాక్స్ పలు భాషల సమానార్థకాల జాబితాను ఉంచుకుంటుంది. అందులో తెలుగు ‘సంకేతపదము’ కూడా ఉంది. ఆ మాట తర్వాత వచ్చే కోలన్ కూడా ఒక్క రకమే కాదు. తూర్పు ఆసియా లిపుల వెడల్పాటి కోలన్‌నూ, ఖ్మేర్ లిపిలోని ៖ గుర్తునూ లెక్కలోకి తీసుకుంటుంది.

రెండో అంచెలో, యూజర్ సొంత షెల్ ఏదైనా సరే, ట్రాంప్ దాని స్థానంలో మామూలు పోసిక్స్ షెల్‌ను తెరుస్తుంది. మొదటి అంచెలో లాగే ఇక్కడా టెర్మినల్ రకాన్ని ‘డంబ్’ అని ప్రకటిస్తుంది. పీఎస్1ను #, $, ఖాళీ అనే మూడక్షరాల తాత్కాలిక ప్రాంప్ట్‌గా మారుస్తుంది. పీఎస్2, పీఎస్3లను, ప్రాంప్ట్‌కు ముందు బ్యాష్ నడిపే ప్రాంప్ట్-కమాండ్‌ను ఖాళీ చేస్తుంది. కమాండ్ల చరిత్ర యూజర్ ఫైల్‌లో కలవకుండా వేరే ఫైల్‌కు మళ్లిస్తుంది. సీ షెల్, ఫిష్ షెల్ వంటి వేరే వాక్యనిర్మాణం గల షెల్‌ల గొడవ ఇక్కడితో తీరిపోతుంది. పోసిక్స్ షెల్ పేరుతో ఉన్నదీ అన్నిచోట్లా ఒకేలా ప్రవర్తించదు. అందుకని ~ గుర్తుతో రూట్ యూజర్ హోమ్ డైరెక్టరీని అడిగి చూస్తుంది. విస్తరించకుండా అలాగే తిరిగి వస్తే బ్యాష్ కోసమో కార్న్ షెల్ కోసమో వెతుకుతుంది.

మూడో అంచెలో అసలు గుర్తు వస్తుంది. ఈమాక్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌నూ, ఆ క్షణపు తేదీ-సమయాన్నీ కలిపి ఎండీ5 హ్యాష్ తీస్తుంది. మూడు ఏటవాలు గీతలు, ఆ 32 హెక్సాడెసిమల్ అంకెలు, చివర #$ కలిపితే ప్రాంప్ట్ తయారు. ఇక అక్కడినుంచి ఊహ లేదు. ఆ స్ట్రింగ్ వచ్చిందా లేదా అన్నదే పరీక్ష.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. రిమోట్ టెర్మినల్ సాధారణంగా మనం పంపినదాన్ని ముందు తిరిగి చూపిస్తుంది, ఆ తర్వాతే కమాండ్ నడుపుతుంది. పీఎస్1ను ఫలానా స్ట్రింగ్‌గా మార్చమని పంపిన కమాండ్‌లోనే ఆ స్ట్రింగ్ ఉంటుంది కదా. అది ప్రతిధ్వనించి వస్తే ప్రాంప్ట్ వచ్చేసిందని పొరపడే ప్రమాదం ఉంది. అందుకే పంపేటప్పుడు # ముందు, $ ముందు బ్యాక్‌స్లాష్‌లు ఉంచుతారు. షెల్ వాటిని తీసేసి అసలు స్ట్రింగ్‌ను ప్రాంప్ట్‌లో పెడుతుంది. ప్రతిధ్వనిలో మాత్రం బ్యాక్‌స్లాష్‌లు అలాగే ఉండిపోతాయి కాబట్టి అది పరీక్షకు సరిపోదు. ఆపైన ట్రాంప్ టెర్మినల్ అమరికల ద్వారా ప్రతిధ్వనినే ఆపేస్తుంది. చిన్న ఏర్పాటే గాని, ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు మొట్టమొదట జారిపడేది ఇక్కడే.

కమాండ్ ముగిసిందని తెలిస్తే చాలదు, సఫలమైందా అన్నది కూడా కావాలి. అందుకు ట్రాంప్ అవసరమైన కమాండ్ల చివర ఎగ్జిట్ స్టేటస్‌ను ఒక గుర్తుమాటతో సహా అచ్చువేయించి, ప్రాంప్ట్‌కు ముందున్న వరుసలో దాన్ని చదువుతుంది. గిట్ వంటి కొన్ని కమాండ్లు ఫైళ్ల పేర్లను న్యూలైన్‌తో కాక శూన్య బైట్‌తో వేరుచేస్తాయి. అప్పుడు ప్రాంప్ట్ కొత్త వరుసలో కాకుండా అవుట్‌పుట్‌కు అంటుకుని వస్తుంది. ట్రాంప్ కోడ్‌లో ఈ సందర్భానికీ చోటు ఉంది.

చిన్న ఫైళ్లను ట్రాంప్ ఈ షెల్ ద్వారానే బేస్64 రూపంలో తెచ్చుకుంటుంది. ఆ రూపంలో అక్షరాలు, అంకెలు, +, /, = తప్ప మరేవీ రావు. #, $ అందులో లేవు కనుక ఫైల్‌లో ఏమున్నా అది ప్రాంప్ట్‌గా భ్రమింపజేయలేదు.

వైఫల్య కారణాలు

మూడో అంచె చేరాక విఫలమవడం అరుదు. ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మొదటి అంచెవే. అంటే యూజర్ సొంత ప్రాంప్ట్‌ను ఒకే ఒక్కసారి చూసి గుర్తుపట్టవలసిన చోట. ప్రాంప్ట్‌ను ముచ్చటపడి అలంకరించుకున్నవారికే ఈ కష్టం ఎక్కువ.

రంగుల కోసం చేర్చే ఎస్కేప్ సీక్వెన్స్‌లు ప్రధాన కారణం. ఆధునిక ప్రాంప్ట్ అలంకరణల్లో $ బదులు ❯ వంటి గుర్తు ఉంటుంది, అది నమూనాలో లేదు. జెడ్-షెల్ ఎడమ పక్కనే గాక కుడి పక్కన కూడా ప్రాంప్ట్ చూపగలదు. అప్పుడు $ తర్వాత ఇంకేదో పాఠం ఉంటుంది గనుక ‘బఫర్ చివర ప్రాంప్ట్’ అన్న లెక్క తప్పుతుంది. న్యూలైన్ లేకుండా ఆగిన అవుట్‌పుట్‌ను సూచించడానికి ఈ షెల్ రంగు తిప్పిన % గుర్తును కూడా చేరుస్తుంది. 2020 డిసెంబర్‌లో వచ్చిన బ్యాష్ 5.1 బ్రాకెటెడ్ పేస్ట్ అనే సదుపాయాన్ని డీఫాల్ట్‌గా చేసింది. దానితో ప్రతి ప్రాంప్ట్‌కు ముందూ కంటికి కనపడని సీక్వెన్స్ ఒకటి రావడం మొదలైంది. టెర్మినల్‌ను డంబ్‌గా ప్రకటించిన చోట అది రాదు. ప్రకటించని స్క్రిప్ట్‌లు మాత్రం ఇబ్బందిపడ్డాయి. కొన్ని బిజీబాక్స్ నిర్మాణాల్లో షెల్ ప్రాంప్ట్ చూపుతూనే కర్సర్ ఎక్కడుందో చెప్పమని టెర్మినల్‌ను అడుగుతుంది. ట్రాంప్ ఆ సీక్వెన్స్‌ను బఫర్ నుంచి తొలగిస్తుంది.

గుర్తింపు కుదరనప్పుడు ట్రాంప్ రిమోట్ షెల్ ప్రాంప్ట్ కోసం ఎదురుచూస్తున్నట్టు సందేశం చూపి, చివరికి గడువు తీరి ఆగిపోతుంది. సాధారణ గడువు 60 సెకన్లు. పరీక్షించే విధానం ట్రాంప్ మాన్యువల్‌లో ఉంది: విఫలమైన కనెక్షన్ బఫర్‌లోకి వెళ్లి, కర్సర్‌ను మొదట్లో ఉంచి, ప్రాంప్ట్ నమూనాకు చివర $ చేర్చి వెతకమంటుంది. కర్సర్ బఫర్ చివరకు చేరకపోతే ప్రాంప్ట్ గుర్తింపులోనే లోపం ఉన్నట్టు. ఇంకా లోతుగా చూడాలంటే సందేశాల స్థాయిని 6కు పెంచాలి, పంపినవీ వచ్చినవీ అన్నీ నమోదవుతాయి.

నివారణ రెండు వైపులా సాధ్యమే. నమూనాను మార్చుకోవచ్చు. అంతకన్నా నిలకడైన పరిష్కారం రిమోట్ షెల్ ప్రారంభ ఫైల్‌లో ఒక షరతు చేర్చడం: టెర్మినల్ రకం డంబ్ అయితే లైన్ ఎడిటర్‌ను ఆపి, ప్రాంప్ట్‌ను వట్టి $ గుర్తుగా పెట్టి, మిగతా ఫైల్‌ను చదవకుండా వెనుదిరగాలి. జెడ్-షెల్ వాడేవారికి మాన్యువల్ సూచించేది ఇదే. ఆ వరుస ఫైల్ మొదట్లోనే ఉండాలి. అలంకరణలన్నీ నడిచాక చివర పెడితే ప్రయోజనం లేదు.

ఇతర సాఫ్ట్‌వేర్‌లు

ఫిష్ ప్రోటోకాల్ ఈ సమస్యను పక్కదారిలో దాటింది. ప్రతి అభ్యర్థనా # తో మొదలయ్యే వరుసతో ఆరంభమవుతుంది. అవతల ఫిష్ సర్వర్ ఉంటే ఆ వరుసను ఆదేశంగా చదువుకుంటుంది. వట్టి షెల్ ఉంటే దాన్ని వ్యాఖ్యగా వదిలేసి, కిందనున్న షెల్ కమాండ్లను నడుపుతుంది. ఏది జరిగినా చివర ### తో మొదలయ్యే జవాబు వరుస, అందులో ఎఫ్‌టీపీ తరహా మూడంకెల కోడ్ వస్తాయి. ప్రాంప్ట్ ప్రసక్తే రాదు.

విండోస్‌లో ప్రసిద్ధమైన విన్‌ఎస్‌సీపీ కూడా ఎస్‌సీపీ పద్ధతిలో పనిచేసేటప్పుడు షెల్‌నే నడుపుతుంది. ప్రతి కమాండ్ వెనకా ‘ఇది ఫైల్ ముగింపు’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు వాక్యాన్నీ, దానికి ఎగ్జిట్ కోడ్‌నూ కలిపి అచ్చువేయిస్తుంది. సీ షెల్‌లో ఎగ్జిట్ కోడ్ వేరియబుల్ పేరు వేరు కావడంతో దాన్ని ముందుగా కనిపెట్టే ఏర్పాటు ఉంది.

పైథాన్‌లోని పీఎక్స్‌పెక్ట్ లైబ్రరీ దారి వేరు. అందులోని ఎస్‌ఎస్‌హెచ్ మాడ్యూల్ ప్రాంప్ట్ రూపాన్ని ఊహించదు. ఎంటర్ మీట పంపి వచ్చినదాన్ని చదువుతుంది, మళ్లీ పంపి మళ్లీ చదువుతుంది. రెండు జవాబులూ దాదాపు ఒకేలా ఉంటే అది ప్రాంప్టే. ప్రాంప్ట్‌లో గడియారం ఉంటే రెండూ అచ్చంగా కలవవు కనుక లెవెన్‌ష్టైన్ దూరంతో తేడాను కొలిచి, పొడవులో 40 శాతం లోపు ఉంటే సరేనంటుంది. ఆ తర్వాత ప్రాంప్ట్‌ను తన పేరుతో మార్చేస్తుంది. మొదట బోర్న్ షెల్ పద్ధతిలో, కుదరకపోతే సీ షెల్ పద్ధతిలో ప్రయత్నిస్తుంది. ఊహ తప్పనిసరైన ఒక్క చోట కూడా రూపాన్ని కాక ప్రవర్తనను ఆధారం చేసుకోవడం దీని ప్రత్యేకత.

సర్వర్ల నిర్వహణకు వాడే ఆన్సిబుల్ ఫైల్ సాఫ్ట్‌వేర్ కాకపోయినా దగ్గరి బంధువే. సుడో పాస్‌వర్డ్ అడిగే వాక్యంలో యాదృచ్ఛికంగా పుట్టించిన తాళపు స్ట్రింగ్‌ను ఇరికించి, అది కనిపించినప్పుడే పాస్‌వర్డ్ పంపుతుంది. వేరెవరో ఇలాంటి వాక్యం అచ్చువేసి పాస్‌వర్డ్ లాగే అవకాశం దీనితో తగ్గుతుంది.

ప్రాంప్ట్ అక్కర్లేని మార్గాలు

ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ ప్రోటోకాల్‌ను వివరించే ఆర్‌ఎఫ్‌సీ 4254 (2006 జనవరి) షెల్ తెరవడంతో పాటు మరో రెండు మార్గాలిచ్చింది: ఒకే కమాండ్‌ను నేరుగా నడపడం, సబ్‌సిస్టమ్‌ను పిలవడం. నేరుగా నడిపితే ఎగ్జిట్ స్టేటస్ ప్రత్యేక సందేశంగా వస్తుంది, ఛానెల్ మూసుకుంటుంది, ముగింపు ఊహించే పనుండదు. ప్రతి కమాండ్‌కూ కొత్త ఛానెల్ తెరవవలసి రావడం దాని ఖర్చు. ట్రాంప్‌లో సైతం కొన్ని ప్రాసెస్‌లను ఉమ్మడి షెల్‌తో నిమిత్తం లేకుండా నేరుగా నడిపే ఐచ్ఛికం ఉంది.

ఫైళ్ల బదిలీకి వాడే ఎస్‌ఎఫ్‌టీపీ ఇలాంటి సబ్‌సిస్టమ్‌గా నడుస్తుంది. ప్రతి ప్యాకెట్ తన పొడవును ముందే చెబుతుంది. అయినా షెల్ పీడ పూర్తిగా వదలలేదు. ప్రారంభ ఫైల్‌లో ఎవరో సరదాగా పెట్టిన స్వాగత వాక్యం ముందుగా వస్తే, దాని మొదటి నాలుగు బైట్లను క్లయింట్ ప్యాకెట్ పొడవుగా చదివి, సందేశం మరీ పెద్దదని ఫిర్యాదు చేసి ఆగిపోతుంది. 2022 ఏప్రిల్‌లో వెలువడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ కమాండ్ కూడా డీఫాల్ట్‌గా ఎస్‌ఎఫ్‌టీపీనే వాడుతోంది.

ఎస్‌ఎఫ్‌టీపీ ఉండగా షెల్ పద్ధతి ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఫైళ్లకు అవతల ఉంది. మరో యూజర్‌గా సుడోతో మారడం, కంటైనర్‌లోకి వెళ్లడం, ఒక సర్వర్ మీదుగా ఇంకో సర్వర్ చేరడం, ఫైల్ ఉన్నచోటే కంపైలర్‌నో గిట్‌నో నడపడం ట్రాంప్ వాడుకలో రోజువారీ పనులు. వీటికి షెల్ కావాలి.

ప్రమాణీకరణ ప్రయత్నాలు

ప్రాంప్ట్ సరిహద్దులను షెల్ తానే ప్రకటించేలా చేయడం ఇటీవలి ధోరణి. ఫైనల్‌టెర్మ్ అనే టెర్మినల్‌తో మొదలైన ఓఎస్‌సీ 133 సీక్వెన్స్‌లలో నాలుగు గుర్తులు ఉన్నాయి: ప్రాంప్ట్ ఆరంభం, ప్రాంప్ట్ ముగింపు, అవుట్‌పుట్ ఆరంభం, కమాండ్ ముగింపు. చివరిదానితో పాటు ఎగ్జిట్ కోడ్‌నూ పంపవచ్చు. ఐటెర్మ్2 తదితర టెర్మినల్‌లు వీటిని అనుసరించాయి. వీఎస్ కోడ్ తన టెర్మినల్ కోసం 633 సంఖ్యతో సొంత రూపాన్ని వాడుతుంది. ఈ సీక్వెన్స్‌లను పంపేలా రిమోట్ షెల్‌ను ముందుగా అమర్చి ఉండాలి. కొత్తగా చేరిన సర్వర్‌లో మొదటిసారి కనిపించే ప్రాంప్ట్‌ను గుర్తించడానికి మాత్రం ట్రాంప్ వంటి సాఫ్ట్‌వేర్‌లు ఇప్పటికీ #, $, %, > గుర్తుల నమూనాతోనే మొదలుపెడతాయి.